పన్నెండు మందిమి, ఒక లాకరు

ఆ రోజు మధ్యాహ్నం మా ఇంటివాళ్ల ఫోన్లు ఎనిమిదీ ఒకే లాకర్లో ఉన్నాయి. ఆ లాకరు తాళంచెవి రబ్బరు పట్టీతో మా మరిది మణికట్టుకి ఉంది. మరిది ఏ రైడ్ దగ్గర ఉన్నాడో ఎవరికీ తెలియదు. మా అత్తయ్య కూర్చున్న బెంచీ ఖాళీగా ఉంది.

ఇది 2024 డిసెంబరు ఆఖరి వారంలో జరిగింది. అప్పటినుంచి మా బంధువుల్లో ఎవరు పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తామన్నా, తెలిసిందంతా కూర్చోబెట్టి చెబుతున్నాను. ఈసారి రాసి పెడుతున్నాను.

మాది బరంపురం. ఒడిశాలో బ్రహ్మపూర్ అంటారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే చదివాను కాబట్టి నాకు రెండూ ఒకటే. అత్తయ్యది మాత్రం ఇచ్ఛాపురం పక్క పల్లె. పెళ్లయి నలభై ఐదేళ్లు దాటినా ఆవిడ ఒడియా కూరగాయల బండి దగ్గరే ఆగిపోయింది. వింటే సగం అర్థమవుతుంది, మాట్లాడమంటే మొహమాటం. మా ఆడపడుచుని (నేను వదిన అంటాను) ఇచ్ఛాపురంలోనే ఇచ్చారు. పాతిక కిలోమీటర్ల దూరమే అయినా వాళ్లది ఆంధ్ర, మాది ఒడిశా.

క్రిస్మస్ సెలవుల్లో రెండు కుటుంబాలూ కలిసి భువనేశ్వర్ వైపు ఒక పెద్ద పార్కుకి వెళ్దామనుకున్నాం. రైడ్లూ, నీళ్ల ఆటలూ రెండూ ఉన్న పార్కు. నేనూ మావారూ, మా ఇద్దరు పిల్లలు. మరిది, తోటికోడలు, వాళ్ల బాబు. వదిన, అన్నయ్య, వాళ్ల ఇద్దరమ్మాయిలు. అత్తయ్యతో కలిపి పన్నెండు మంది. రెండు బళ్లలో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. పదహారో నంబరు జాతీయ రహదారి మీద నూట డెబ్భై కిలోమీటర్లు. రంభ దగ్గర చిలికా కనబడగానే ఆపి, ఫ్లాస్కులో తెచ్చిన టీ తాగి, అందరం నిలబడి ఒక ఫోటో తీయించుకున్నాం. ఆ ఫోటో తర్వాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

బండిలోనే వదిన పెద్దమ్మాయి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, అందరి చేతా లైవ్ లొకేషన్ ఆన్ చేయించింది. అందులో పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడే ఉంటాయి. అందరం ఎనిమిది గంటలు పెట్టాం. ఇంక ఎవరు ఎక్కడున్నా మ్యాపులో కనబడతారు కదా అన్న ధీమా వచ్చేసింది. అత్తయ్య దగ్గర బటన్ల ఫోన్ ఉంది. "నాకెందుకమ్మా, మీరంతా పక్కనే ఉంటారు కదా" అని దాన్ని బండిలోనే వదిలేసింది. నేనూ సరే అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నీళ్ల వైపు వెళ్లాం. ఫోన్లు తడిసిపోతాయని అన్నీ ఒక లాకర్లో పెట్టేశాం. రెండోది తీసుకుంటే ఇంకో అద్దె ఎందుకని వద్దన్నాం. తువ్వాళ్లూ పొడిబట్టలూ ఉన్న రెండు బ్యాగులు చిన్నపిల్లల కొలను పక్కన బెంచీ మీద పెట్టి, అత్తయ్యని అక్కడ కూర్చోబెట్టాం. ఆవిడ నీళ్లలోకి దిగదు. కాపలా ఉంటుంది, మనకి నిశ్చింత. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అందరి మనసులోనూ అదే ఉంది. "నాలుగింటికి గేటు దగ్గర కలుద్దాం" అని మాత్రం నేను గట్టిగా అన్నాను. అందరూ తలూపారు.

రెండుంబావుకి మా చిన్నదానికి చలి పుట్టిందని తువ్వాలు కోసం వచ్చాను. బెంచీ మీద అత్తయ్య లేదు, బ్యాగులూ లేవు.

మొదట కంగారు పడలేదు. బాత్రూంకి వెళ్లి ఉంటుందనుకున్నాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. బాత్రూంల దగ్గరికి వెళ్లి పిలిచాను. తోటికోడలు వస్తే "అత్తయ్య నీ దగ్గర ఉందా?" అన్నాను. ఆమె అదే ప్రశ్న నన్నడిగింది. అక్కణ్నుంచి కాళ్లు ఆగలేదు. మావారు తిండి కొట్ల వైపు, అన్నయ్య బట్టలు మార్చుకునే గదుల వైపు, తోటికోడలు వచ్చిన దారిలో వెనక్కి, నేను కొలను చుట్టూ. నలుగురం నాలుగు దిక్కులకి పరిగెత్తాక, మాలో మాకే ఎవరు ఎక్కడున్నారో తెలియకుండా పోయింది. వెతికేవాళ్లకి కబురు అందించే దారే లేదు. ఆవిడ దొరికినా ఆ సంగతి నాకెలా తెలుస్తుంది?

మూడింటికి మరిది తిరిగొచ్చాడు. లాకరు తీశాం. తడి చేతుల్తో ఫోన్ పట్టుకుని మ్యాపు తెరిచాను. ఎనిమిది గుండ్రటి ఫోటోలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఒకే చుక్క దగ్గర ఉన్నాయి. మావారు, వదిన, మరిది, పిల్లలు, అందరూ నవ్వుతూ, లాకరు ఉన్న గదిలో. లైవ్ లొకేషన్ చూపించేది ఫోన్ ఎక్కడుందో, మనిషి ఎక్కడున్నాడో కాదు. తెలిసిన సంగతే. ఆ ఎనిమిది మొహాలు ఒకే చోట చూసినప్పుడు తెలిసినట్టు మాత్రం అంతకుముందు తెలియలేదు.

ఫోన్లు చేతికొచ్చాయి కదా అంటే, కాల్ కలవడం లేదు. సెలవుల రోజు, వేలమంది జనం, అందరూ వీడియోలు తీసి పంపుతున్నారు. ఒక టవరు ఎంతమందినని మోస్తుంది? వాట్సాప్‌లో పెట్టిన మెసేజీలకి ఒక్క టిక్కే. ఒక్క టిక్కంటే మన ఫోన్ నుంచి వెళ్లింది, అవతలి ఫోన్‌కి ఇంకా చేరలేదని. వదిన ఫోన్ ఒక్కటే బాగా పనిచేసింది. ఆమెది ఆంధ్రా సిమ్, వేరే కంపెనీ.

సహాయ కేంద్రం దగ్గర ఒకమ్మాయి శ్రద్ధగా అన్నీ రాసుకుంది. పేరు, వయసు, ఎత్తు. చీర రంగేమిటి అంది. నాకు గుర్తు రాలేదు. పొద్దున్న ఆవిడ కొంగు పిన్ను పెట్టింది నేనే, అయినా గుర్తు రాలేదు. అప్పుడు వదిన పెద్దమ్మాయి రంభ దగ్గర తీసిన ఫోటో తెరిచి ముందు పెట్టింది. గచ్చకాయ రంగు చీర, మెరూన్ అంచు, భుజం మీద గోధుమ రంగు శాలువా. ఆ అమ్మాయి ఆ ఫోటో తన ఫోన్‌లోకి పంపించుకుని గార్డులకి చూపించింది.

తర్వాత మైకులో చెప్పారు. ఒడియాలో ఒకసారి, హిందీలో ఒకసారి. ఒడియాలో మన 'వ' చాలాచోట్ల 'బ' అవుతుంది, 'క్ష' 'ఖ్య' అవుతుంది, అకారం గుండ్రంగా 'ఒ'లా పలుకుతుంది. మైకులో అత్తయ్య పేరు వింటే నాకే మా అత్తయ్యలా అనిపించలేదు. పైగా అది ఆధార్ కార్డు పేరు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఆవిడని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. రెండుసార్లు చెప్పినా ఫలితం లేకపోయేసరికి ఆ అమ్మాయిని అడిగాను, నేను తెలుగులో చెప్పొచ్చా అని. ఆమె వెంటనే మైకు నా ముందుకు జరిపింది.

ఏమని చెప్పాలో ముందు అనుకోలేదు. "అత్తయ్యా, నేను. మేమంతా బాగున్నాం. మీరు ఎక్కడున్నారో అక్కడే కూర్చోండి, కదలకండి. పక్కన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, గచ్చకాయ రంగు చీర కట్టుకున్న పెద్దావిడ, రెండు బ్యాగులున్నాయి, ఆవిణ్ని కాస్త సహాయ కేంద్రానికి తీసుకురండమ్మా." అంతే. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది.

ఆరేడు నిమిషాలకి, పలాస నుంచి వచ్చామన్న ఒకామె అత్తయ్య మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. అత్తయ్య రెండు భుజాలకీ రెండు బ్యాగులు. పన్నెండు మంది బట్టలు, తడి తువ్వాళ్లు. శాలువా కింద భుజం ఎర్రగా కందిపోయి ఉంది. రెండు గంటలూ అవి కిందపెట్టలేదట. "పెడితే ఎవరు చూస్తారమ్మా?" అంది. టైం చూశాను. నాలుగుకి పది నిమిషాలు తక్కువ.

జరిగింది చాలా చిన్నది. బెంచీ మీదకి ఎండొచ్చింది. ఆవిడ లేచి, మోటార్లు పెట్టే గది వెనక నీడలోకి వెళ్లి గోడకానుకుని కూర్చుంది. బెంచీకి పదిహేను అడుగుల దూరం కూడా ఉండదు, కానీ బెంచీ దగ్గర నిలబడితే ఆ మూల కనబడదు. మరిది అటుగా రెండుసార్లు పరిగెత్తడం ఆవిడ చూసింది. పిలిచింది కూడా. ఆ నీళ్ల హోరులో, పాటల మోతలో ఏం వినబడుతుంది?

"వెనకాలే రావచ్చు కదమ్మా" అన్నాడు మరిది, కళ్లు తుడుచుకుంటూ.

"మీరందరూ తిరుగుతున్నారు. నేనూ తిరిగితే ఇంకెవరికెవరు దొరుకుతారురా?"

ఆ మాట ఆవిడకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురానికి గోపాల్‌పూర్ ఎంత దూరమని. తెల్లారేసరికి వీధిలో చెట్లు, స్తంభాలు, రేకులు అన్నీ నేలమీదే. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పుడు మావారు పని మీద ఛత్రపూర్‌లో చిక్కుకుపోయారు. నేను పెద్దవాణ్ని ఎత్తుకుని, వెళ్లి వెతుకుదాం అని ఏడుస్తుంటే, మామయ్య బయల్దేరబోతే, గుమ్మంలో అడ్డంగా నిలబడింది అత్తయ్య. "వాడికి ఇల్లు తెలుసు. మనం ఇంట్లో ఉంటే చాలు" అని. మర్నాడు సాయంత్రం మావారు నడుచుకుంటూ వచ్చారు. మేం బయటికి వెళ్లి ఉంటే ఆ చెట్ల మధ్య ఒకరినొకరు దాటిపోయేవాళ్లం.

తిరుగు ప్రయాణంలో బండిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బాలుగావ్ దాటాక మావారే అడిగారు: "నాలుగింటికి గేటు దగ్గర అన్నావు కదా, ఏ గేటు?" నేను టికెట్లు చూసే పెద్ద గేటు అనుకున్నాను. తోటికోడలు నీళ్ల ఆటల వైపు వెళ్లే గేటు అనుకుందట. మరిది పార్కింగ్ గేటు అనుకున్నాడు. తలూపిన పదిమందిలో ఒకరు కూడా ఏ గేటు అని అడగలేదు. అత్తయ్యని పోగొట్టుకోకపోయినా నాలుగింటికి మేం మూడు చోట్ల నిలబడి ఉండేవాళ్లం.

ఇల్లు చేరాక రెండు మూడు వారాలు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఫోన్ల సంగతి కాదు నన్ను కలచింది. అందరికంటే పెద్దావిడని, ఫోన్ లేని మనిషిని, భాష రాని చోట, మా బట్టలకి కాపలా పెట్టాం. మాట్లాడుకున్నదంతా ఫోన్లున్న వాళ్ల గురించే. ఈసారి ఏ ఏర్పాటు చేసినా అత్తయ్య దగ్గర మొదలుపెట్టాలి అనుకున్నాను. ఆవిడకి సరిపోయే పద్ధతి మిగతావాళ్లకి ఎలాగూ సరిపోతుంది.

ఆ వేసవిలో మా ఊళ్లో బుఢీ ఠాకురాణీ యాత్ర వచ్చింది. రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది, ఇంచుమించు నెల రోజులు సాగుతుంది. అమ్మవారు దేశీబెహరా వీధిలో తాత్కాలికంగా కట్టిన గుడికి వస్తుంది. పూర్వం తెలుగుదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ నేత కుటుంబాల ఇలవేల్పు ఆవిడ. పులివేషాలు, వీధుల్లో నిలబెట్టిన రథాలు, రాత్రంతా జనం. ఫోన్ మోగినా వినబడదు. పార్కుకంటే కష్టమైన పరీక్ష ఇదే కదా అని, మా పద్ధతి మొదట ఇక్కడ చూసుకున్నాం.

మొదటిది నంబరు. అత్తయ్యకి ఒక్క ఫోన్ నంబరూ నోటికి రాదు, ఇచ్ఛాపురం ఇంటి పాత ల్యాండ్‌లైన్ తప్ప. అది తీసేసి ఏళ్లయింది. కాగితం మీద రాసిస్తే పోతుంది, చెమటకి తడుస్తుంది. ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. అరచెయ్యంత తెల్లగుడ్డ ముక్క తీసుకుని, పెన్సిలుతో నన్ను నా నంబరు రాయమంది. దానిమీద ఎర్రదారంతో పది అంకెలూ కుట్టింది. ఏడు కొంచెం వంకర వస్తే విప్పి మళ్లీ కుట్టింది. "ఒకటిలాగుంటే ఎవడింటికో మోగుతాది" అని. అంచులు మడిచి, నాలుగు మూలలా పిన్నులు పెట్టుకునేలా చేసింది. కొంగు లోపలి వైపు పెట్టుకుంటే ఎవరికీ కనబడదు, కావాలంటే తిప్పి చూపించొచ్చు. చూసి మా చిన్నది తనకూ కావాలంది. దానికీ ఒకటి కుట్టింది, నీలం దారంతో.

పిల్లలకి చేతిమీద రాయడం కూడా చేసి చూశాం. బాల్ పెన్నుతో రాస్తే నీళ్లలో దిగిన కాసేపటికే పోయింది. పర్మనెంట్ మార్కరుతో రాస్తే సాయంత్రం దాకా ఉంది. తర్వాత రెండు రోజులు ఉండిపోయిందని బళ్లో స్నేహితులు అడిగారట, అడగనీ.

రెండోది మాట. అత్తయ్యకి ఒక్క ఒడియా వాక్యం నేర్పించాలనుకున్నాను. పెద్దది వద్దు, ఒక్కటి. "ఏయి నంబర్‌కు ఫోన్ కొరొంతు." ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. రెండుసార్లు అని, ఆగి, "నంబర్‌కు అంటున్నారేంటి, మనలాగే ఉందే!" అంది. నిజమే, మన 'కు' వాళ్లకీ 'కు'యే. నలభై ఐదేళ్లుగా ఆ భాషకి జంకిన మనిషి ఆ ఒక్క అక్షరంతో దగ్గరైంది. యాత్రలో ఒక పోలీసాయన దగ్గరికి నేరుగా వెళ్లి, కొంగు తిప్పి చూపించి, ఆ వాక్యం అనేసింది, తప్పిపోకుండానే. ఆయన నవ్వి నిజంగానే ఫోన్ చేశాడు. నేను రెండడుగుల వెనకే ఉన్నాను, నా ఫోన్ మోగింది. ఆవిడ మొహం చూడాల్సింది.

మూడోది కలిసే చోటు, కలిసే టైం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే, దీనికి బ్యాటరీ అక్కర్లేదు. యాత్రలో ఒక రథం దగ్గర అని మొదట అనుకున్నాం. వీధి వీధికీ రథాలే, మళ్లీ గేటు కథే. అప్పుడు అత్తయ్య, "ఊళ్లో రెండోది లేనిది చెప్పండి" అంది. ఆ మాట పట్టుకున్నాను. రెండోది ఉండకూడదు, కదలకూడదు, కూర్చోవడానికి చోటుండాలి.

మెసేజీల సంగతి వదిన పెద్దమ్మాయి చూసుకుంది. ఇంజనీరింగ్ చదువుతోంది. జనం బాగా ఉన్నచోట నెట్ చచ్చుబడినా మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుందని, దానికి కావలసిన చోటు చాలా తక్కువని చెప్పింది. అయితే ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక మెసేజీలో 160 పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే, దాటితే ముక్కలవుతుంది. పైగా గుణింతం, వత్తు అన్నీ విడివిడిగా లెక్క. "ఎక్కడున్నారు" అన్న ఒక్క మాటకే పన్నెండు. అందుకని అంకెలు పెట్టుకున్నాం. 1 అంటే ఉన్నచోటే ఉన్నాను, బాగున్నాను. 2 అంటే కలిసే చోటికి వస్తున్నాను. 3 అంటే అందరూ వెంటనే రండి. మూడే. ఐదు చేద్దామని పిల్లలన్నారు, నేను ఒప్పుకోలేదు. కంగారులో మూడుకంటే గుర్తుండవు.

మరిది వాకీటాకీలు కొన్నాడు, నాలుగు. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకి లైసెన్సు అక్కర్లేదు, మిగతావాటిలో చాలావాటికి కావాలి. అది చూసుకుని కొన్నాడు. రహదారి మీద రెండు బళ్ల మధ్య మాట్లాడుకోవడానికి చాలా బాగున్నాయి. పిల్లలు ఛత్రపూర్ దాకా వదల్లేదు. పార్కులో మాత్రం పనికిరాలేదు. నాలుగు గోడలు, ఇనుప కట్టడాలు అడ్డొస్తే గరగర తప్ప వినబడదు. నన్నడిగితే పార్కు కోసం వాటికి డబ్బు పెట్టొద్దంటాను.

2025 డిసెంబరులో మళ్లీ అదే పార్కుకి వెళ్లాం. అత్తయ్య రానంటుందేమోనని భయపడ్డాను. ఆవిడే ముందు చీర తీసి పెట్టుకుంది.

రంభ దగ్గర ఈసారి కూడా ఫోటో తీశాం, కానీ కావాలని తీశాం. ఒక్కొక్కళ్లదీ తలనుంచి చెప్పుల దాకా, ఆ రోజు వేసుకున్న బట్టల్లో. పార్కులోకి వెళ్లగానే ఆటలకి పరిగెత్తకుండా అందరం ఒక చుట్టు నడిచాం. పిల్లలు గొణిగారు. ఇరవై నిమిషాలు పట్టింది. కలిసే చోటు అత్తయ్యని ఎంచుకోమన్నాం. తిండి కొట్లకీ నీళ్ల ఆటలకీ మధ్యలో చుట్టూ సిమెంటు అరుగు కట్టిన పెద్ద రావిచెట్టు ఒకటుంది. ఆవిడ అరుగు మీద చెయ్యి వేసి చూసి, కూర్చుని, "ఇది బాగుంది" అంది. పన్నెండుకి, రెండుకి, నాలుగుకి, ఆరుకి అందరూ అక్కడికి రావాలి. ఎవరైనా రాకపోతే పావుగంట ఎవరూ కదలకూడదు. ఆ తర్వాత ఇద్దరే వెతకడానికి వెళ్లాలి, మిగతావాళ్లు చెట్టు కిందే. తప్పిపోయామని తెలిస్తే ఎవరికివాళ్లు చెట్టు దగ్గరికి. చెట్టు తెలియకపోతే ఉన్నచోటే.

లాకర్లు రెండు తీసుకున్నాం, తాళాలు ఇద్దరి దగ్గర. బ్యాగులు కూడా లాకర్లోనే. ప్రతి జట్టుకీ ఒక ఫోన్ ప్లాస్టిక్ సంచిలో మెడలో వేసుకుని బయట ఉంది, వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండేలా చూసుకున్నాం. లాకర్లో పెట్టే ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాం. ఇనుప పెట్టెలో సిగ్నల్ కోసం వెతికి వెతికి ఛార్జింగ్ అయిపోతుంది మరి. కిందటేడు నా ఫోన్ సాయంత్రానికి అలాగే చచ్చిపోయింది. అత్తయ్య బటన్ల ఫోన్ ఈసారి ఆవిడ జాకెట్లో, చిన్న సంచిలో. అందులో ఒకటి నొక్కి పట్టుకుంటే నాకు వస్తుంది, రెండు నొక్కి పట్టుకుంటే మావారికి. పిల్లలకి అత్యవసర నంబరు 112 కూడా నేర్పాం.

ఇవన్నీ చేయడం వల్ల నేను అనుకోనిది ఒకటి జరిగింది. బ్యాగులు లేకపోయేసరికి అత్తయ్య చేతులు ఖాళీ అయ్యాయి. "నేనేం చెయ్యను ఇప్పుడు?" అని అడిగింది. ఏం చెయ్యాలనుంది అంటే, జెయింట్ వీల్ వైపు చూసింది. మా పెద్దవాడు నానమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. పైకి వెళ్లాక కళ్లు మూసుకుంటుందనుకున్నాను. మూసుకోలేదు. దిగాక పిల్లల బొమ్మ రైలు ఎక్కింది, రెండుసార్లు. నీళ్ల దగ్గర చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకుంటూ చాలాసేపు నిలబడింది. కిందటేడు అదే కొలను పక్కన ఆవిడ చూసినవి తువ్వాళ్లే.

పన్నెండుకి అందరూ వచ్చారు. రెండుకి అందరూ వచ్చారు. నాలుగుకి పదిమందిమే ఉన్నాం. మా పెద్దవాడు, వదిన చిన్నమ్మాయి రాలేదు. వాళ్ల జట్టు ఫోన్‌కి 3 అని పెట్టాను. జవాబు లేదు. కాల్ చేస్తే కలవలేదు. నా కాళ్లు అవంతట అవే లేచాయి. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పావుగంట అన్నాం కదమ్మా, కూర్చో." ఆవిడ చెయ్యి చల్లగా ఉంది, తనకీ భయంగానే ఉంది, కానీ పట్టు వదల్లేదు. నాలుగూ ఎనిమిదికి నా ఫోన్ టింగుమంది. 2. పన్నెండో నిమిషానికి ఇద్దరూ రొప్పుతూ వచ్చారు. రైడ్ క్యూలో మధ్యలో ఇరుక్కుపోయి, ముందుకీ వెనక్కీ కదల్లేక, ఎక్కి దిగి వచ్చారట. వాడికి పదిహేనేళ్లు. తిడదామని నోరు తెరిచాను కానీ, "చెట్టు దగ్గర ఉంటారని తెలుసమ్మా, అందుకే టెన్షన్ పడలేదు" అన్నాడు. తిట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు బాలుగావ్‌లో బండి ఆపి టీలు తాగాం. అత్తయ్య కొంగు తిప్పి, గుడ్డముక్క పిన్నులు ఒక్కొక్కటీ తీసి, దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. అంకెలు చెక్కుచెదరలేదు.

"బీరువాలో దాచు. మళ్లీ యాత్ర 2027లో కదా. ఈలోపు నంబరు మార్చకు."